రెండు రుజువులూ నిలబడితే తప్పెక్కడ వెతకాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాన్నగారు కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. నేను ప్రైవేటుగా ఫిలాసఫీ ఎం.ఏ. చదువుతున్నాను. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద మా ఇద్దరికీ ఒకటే వాదన. "కారణం లేకుండా ఆకైనా కదలదు, మనిషి మాత్రం ఎలా కదులుతాడు? కాబట్టి ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు" అంటారాయన. "మరి తమ్ముడు అబద్ధమాడితే ఎందుకు కేకలేశారు?" అంటాను నేను. ఇద్దరి మాటా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ప్రపంచానికి మొదలుందనీ, లేదనీ జర్మన్ తాత్త్వికుడు కాంట్ రెండూ రుజువు చేసి చూపించాడని చదివాక తికమక ఇంకా పెరిగింది. రెండు రుజువులూ సరైనవే అనిపించినప్పుడు తప్పును ఎలా వెతకాలి? ఎవరి కోణంలో వాళ్లది నిజమని సరిపెట్టుకోకూడదా? మన శాస్త్రాల్లో దీనికేమైనా పద్ధతి ఉందా? చివరగా తమ్ముడి ప్రశ్న: ఊళ్లో తమ గడ్డం తాము గీసుకోని వాళ్లందరికీ, వాళ్లకు మాత్రమే, గడ్డం గీసే మంగలి ఒకడున్నాడు. అతను తన గడ్డం తాను గీసుకుంటాడా?

సమాధానం:

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. సరిపెట్టుకోకూడదు. పరస్పర విరుద్ధమైన రెండు మాటల్ని ఇంట్లో ఉంచుకుంటే అవి ఊరుకోవు, ఇల్లంతా తింటాయి. ఎలాగో చూడండి. "పంట కాలువకు నీళ్లు వదిలారు", "వదల్లేదు" అనే రెండూ నిజమే అనుకోండి. మొదటిది నిజం కనుక "నీళ్లు వదిలారు, లేదా ఆత్రేయపురంలో పూతరేకులు ఇనుముతో చేస్తారు" అనేది కూడా నిజమే, "లేదా" ఉన్న వాక్యంలో ఒక వైపు నిలిస్తే చాలు కదా. కానీ నీళ్లు వదల్లేదన్నది కూడా నిజమే అన్నాం. అంటే ఆ వాక్యంలో ఒక వైపు పోయింది, మిగిలిన వైపు నిజం కావాలి. పూతరేకులు ఇనుముతోనే చేస్తారు! ఈ మూడు అడుగుల్లో ఏ ఒక్కదాన్నీ మామూలుగా మీరు కాదనరు. పూతరేకుల చోట మీకు నచ్చిన ఏ మాట పెట్టినా ఇలాగే రుజువవుతుంది. అన్నీ రుజువయ్యే చోట రుజువుకి విలువ లేదు. ఈ పేలుడును ఆపడానికి వేరే తర్కాలు కట్టినవాళ్లున్నారు. బ్రెజిల్‌లో డా కోస్టా 1963లో కట్టాడు, గ్రాహం ప్రీస్ట్ 1979లో కట్టాడు. ప్రీస్ట్ తర్కంలో "ఇది లేదా అది, ఇది కాదు, కనుక అది" అనే అడుగే చెల్లదు. పోయిన వస్తువు ఈ గదిలో లేదంటే ఆ గదిలో ఉండాలని వెతికే ప్రతిసారీ మనం వాడే అడుగు అది. దాన్ని వదులుకోవడం చిన్న ఖర్చు కాదు.

"ఎవరి కోణంలో వాళ్లది" అనే మాటకు మన దగ్గర గౌరవనీయమైన రూపం జైనుల స్యాద్వాదం. దాన్ని అడ్డుపెట్టుకుని చాలామంది వాదన మధ్యలో లేచిపోతారు. నిజానికి స్యాద్వాదం చాలా కఠినమైన లెక్క. కుండ ఉంది, కుండ లేదు అని రెండూ అనాలంటే ఏ ద్రవ్యం, ఏ చోటు, ఏ కాలం, ఏ స్థితి దృష్ట్యా ఉంది, ఏ దృష్ట్యా లేదు అన్నది విడివిడిగా చెప్పాలి. చెప్పాక చూస్తే విరోధమే ఉండదు, ఎందుకంటే అవి రెండు వేర్వేరు వాక్యాలైపోయాయి. కోణం పేరు చెప్పకుండా "ఎవరి కోణం వాళ్లది" అనడం అనేకాంతం (ఒక వస్తువును చాలా కోణాల నుంచి చూడాలనే జైనుల సిద్ధాంతం) కాదు, బద్ధకం.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మనకు అడ్డొచ్చే విరోధాలన్నీ ఒక జాతి కాదు. కొన్ని ఉత్త అభిప్రాయ భేదాలు. ఒక వైపు రుజువు ఉంటుంది, రెండో వైపు అలవాటు మాత్రమే ఉంటుంది. కొన్ని వ్యాఘాతాలు, అంటే ఒకే మనిషి తన మాటను తానే కొట్టేసుకోవడం. మూడో జాతి మిమ్మల్ని పట్టుకున్నది. విడివిడిగా ఏ తప్పూ లేని రెండు సూత్రాలు ఒకే చోట ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. గ్రీకులో దీన్ని ఆంటినమీ అన్నారు, నోమోస్ అంటే చట్టం. రెండు చట్టాలు ఢీకొనడానికి లాయర్లు వాడిన మాటే తర్వాత తాత్త్వికులకు చేరింది. మన వ్యాకరణంలో దీనికి విప్రతిషేధం అనే పేరుంది. సమాన బలం ఉన్న రెండు విధుల విరోధం అని దానికి అర్థం. "సమాన బలం" అన్న షరతు ముఖ్యం. బలం సమానమో కాదో తూచకముందే విప్రతిషేధం వచ్చిపడిందని కంగారుపడడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

తూచడానికి ఓ రూళ్ల నోటుబుక్కు చాలు. ఎదురెదురు పేజీలు తెరవండి. ఎడమ పేజీలో ఒక పక్షం, కుడి పేజీలో రెండో పక్షం. కాంట్ తన నాలుగు ఆంటినమీ జతల్ని (ఒక్కో జతలో ఒక వాదం, దానికి ఎదురు వాదం) 1781లో అచ్చువేయించింది కూడా ఇలా ఎదురెదురు పేజీల్లోనే. ఒక నియమం పెట్టుకోండి: నాన్నగారి పక్షం మీరు రాయాలి, మీ పక్షం ఆయన రాయాలి. "అవును, నేను చెప్పేది ఇదే" అని అవతలివాళ్లు సంతకం పెట్టేదాకా తిరగరాయాలి. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాళ్ల వాదాన్ని, సరిగ్గా చెప్పకుండా సిద్ధాంతం చెప్పకూడదని మన గ్రంథకర్తలు పెట్టుకున్న కట్టుబాటు ఇదే. దీంతోనే సగం గొడవలు తీరిపోతాయి, ఎందుకంటే అవతలివాళ్లు అనని మాటతో మనం పోట్లాడుతున్నామని అక్కడ బయటపడుతుంది.

వాక్యానికి ఒకే మాట, ఒకే నంబరు. ఎనిమిది నుంచి పన్నెండు వాక్యాలకు మించితే వాదం రెండు ముక్కలన్నమాట, విడదీయండి. ప్రతి వాక్యం పక్కనా గుర్తు పెట్టండి: కళ్లతో చూసిందైతే "ప్ర", నిర్వచనమైతే "ని", ఎవరో చెబితే నమ్మిందైతే "శ", పై వాక్యాల నుంచి లాగిందైతే "అ". "అ" పెట్టిన చోట ఏ నంబర్ల నుంచి లాగారో కూడా రాయాలి. నంబరు దొరకని "అ" కనిపించిందా, గండి అక్కడే. తర్వాత రెండు పేజీల్లోనూ వచ్చిన మాటలకు సున్నా చుట్టి (కారణం, మొత్తం, అనంతం లాంటివి) ఒక్కోదానికి ఏ పేజీలో ఏ అర్థమో రాయండి. చివరికి, రెండు పేజీల్లోనూ ఉన్న వాక్యమేదో చూడండి. ఎడమ పక్షం, కుడి పక్షం రెండూ ఒప్పుకున్నాయి కాబట్టి దాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు. మొదటి అనుమానం దాని మీదే పెట్టాలి. ఒక్కోసారి అది రాసి కూడా ఉండదు, రెండు పేజీల అడుగునా కనబడకుండా పడి ఉంటుంది.

ఇంకో పరీక్ష ఉంది, ఇది మర్చిపోతే అన్నీ మర్చిపోయినట్టే. ఒక్కో పేజీలోని రుజువు సూటిగా నడిచిందా, లేక "ఎదుటి పక్షం నిజమనుకుందాం, అప్పుడీ అనర్థం వస్తుంది, కనుక నా పక్షం నిజం" అని చుట్టుదారిన వచ్చిందా? చుట్టుదారి రుజువు ఎదుటివాణ్ణి ఓడిస్తుందే గానీ తనంతట తాను గెలవదు. ఎదుటివాడు ఓడితే నేను గెలిచినట్టే అనాలంటే మూడో దారి ఏదీ ఉండకూడదు.

కాంట్ మొదటి జతకు ఈ పరీక్ష పెట్టండి. ఎడమ పేజీ: ప్రపంచానికి మొదలు లేదనుకుందాం. అప్పుడు ఈ క్షణానికి ముందు అనంతమైన క్షణాల వరస గడిచిపోయి ఉండాలి. ఒకదాని తర్వాత ఒకటిగా పోతూ అనంతమైన వరసను పూర్తిచేయడం కుదరదు. కనుక మొదలుంది. కుడి పేజీ: మొదలుందనుకుందాం. దానికి ముందు ఏమీ లేని ఖాళీ కాలం ఉండాలి. ఖాళీ కాలంలో ఒక క్షణానికీ మరో క్షణానికీ తేడా లేదు, కనుక ఏదైనా ఇప్పుడే పుట్టడానికి కారణం దొరకదు. కనుక మొదలు లేదు.

రెండూ చుట్టుదారి రుజువులే. ఎడమది కుడిదాన్ని పడగొట్టింది, కుడిది ఎడమదాన్ని పడగొట్టింది. తన ఇల్లు ఎవరూ కట్టలేదు. రెండు పడగొట్టడాలూ సరైనవైతే తేలేది రెండూ నిజమని కాదు, రెండూ అబద్ధమని! కాంట్ తేల్చింది కూడా ఇదే. రెండు పేజీల అడుగునా ఉన్న రాయని వాక్యం: "ప్రపంచం మొత్తం ఒక వస్తువులా, ఇంత అని కొలవదగినట్టుగా, మన ముందుంది." ఆయన దీన్నే కొట్టేస్తాడు. వెనక్కి వెనక్కి కారణాలు వెతుక్కుంటూ పోవడం మనకు అప్పగించిన పని, అది ఎప్పుడూ అయిపోయి చేతికి రాదు. చేతిలో లేని మొత్తానికి కొలత అడగడమే తప్పు. ఆయన ఇచ్చిన పోలిక చిన్నది: ఈ వస్తువుది మంచి వాసనా, చెడు వాసనా అని కొట్టుకుంటుంటే, అసలు దానికి వాసనే లేదనే మూడో మాట ఉండవచ్చు.

మీకు దగ్గర పోలిక కావాలంటే అంతర్వేది వెళ్లండి. గోదావరికీ సముద్రానికీ మధ్య గీత లైట్‌హౌస్‌కు ఎగువన ఉందా, దిగువన ఉందా? పోటు వేళ ఉప్పునీరు లైట్‌హౌస్ దాటి పైకి రావడం చూపించి, గీత దిగువన లేదంటారు ఒకరు. ఆటు వేళ, వరద రోజుల్లో, నది నీరు కిందికి సముద్రంలోకి తోసుకుపోవడం చూపించి, ఎగువన లేదంటారు ఇంకొకరు. ఇద్దరూ ఎదుటివాణ్ణి సరిగ్గానే ఓడించారు. కదలకుండా ఒక గీత ఉందన్నదే ఇద్దరూ కలిసి చేసిన పొరపాటు.

అయితే కాంట్ ఎడమ పేజీని కూడా కళ్లకద్దుకోవద్దు. "అనంతమైన వరసను పూర్తిచేయడం కుదరదు" అన్న వాక్యం పక్కన ఏ గుర్తు పెడతారు? ఒకటి, రెండు, మూడు అని ఒక చోట మొదలుపెట్టి అనంతం దాకా లెక్కపెట్టడం కుదరదు, నిజమే. కానీ మొదలే లేదన్నవాడు ఎక్కడా మొదలుపెట్టలేదు. గతంలో ఏ రోజును వేలుపెట్టి చూపించినా అక్కణ్ణుంచి ఇవాళ్టికి దూరం పరిమితమే. ఆ వాక్యానికి కాంట్ అనుకున్నంత బలం లేదని తర్వాత చాలామంది పట్టుకున్నారు, వాళ్ల మాటే సరైనదనిపిస్తుంది. సరిసమానంగా కనిపించిన తక్కెడ ఒక్కోసారి ఇలా ఒక పక్కకు వాలుతుంది.

ప్రపంచం శాశ్వతమా కాదా, అంతముందా లేదా అని శిష్యుడు మాలుంక్యపుత్తుడు అడిగితే బుద్ధుడు జవాబివ్వకుండా పక్కన పెట్టిన ప్రశ్నల్లో మొదటి నాలుగూ కాంట్ మొదటి జతలో ఉన్నవే. బుద్ధుడు చెప్పిన కారణం వేరు: బాణం దిగినవాడు బాణం వేసినవాడి కులం, ఊరు, విల్లు రకం తెలిసేదాకా దాన్ని పీకనివ్వనంటే చచ్చిపోతాడు. కాంట్‌ది రోగనిర్ణయం, బుద్ధుడిది చికిత్స. బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు మరీ ముందుకెళ్లాడు. అందరి పక్షాలూ పడగొట్టి, "నాకు ప్రతిజ్ఞ (రుజువు చేయాల్సిన సొంత పక్షం) ఏదైనా ఉంటే దోషం ఉండేది, నాకు ప్రతిజ్ఞే లేదు" అన్నాడు. ఓడించడం వేరు, గెలవడం వేరు అన్న తేడా మీద ఒక దర్శనమే నిలబడిందన్నమాట. ఆదుర్రు బౌద్ధ స్తూపం మీకు దగ్గరే. ఈ వాదాలు మన డెల్టా నేలకు పరాయివి కావు.

మీ అరుగు మీది తగాదా కాంట్ మూడో జత: అంతా కారణాల వరసేనా, స్వేచ్ఛ కూడా ఉందా అన్నది. దానికి తీర్పు వేరు: అక్కడ రెండూ అబద్ధం కాదు, రెండూ నిజం కావచ్చు. పైపైన చూస్తే ఇది "ఎవరి కోణం వాళ్లది" అన్నట్టే ఉంటుంది గానీ కాంట్ కోణాల పేర్లు చెప్పాడు. మనకు కనిపించే సంఘటనల వరసలో ప్రతిదానికీ ముందు కారణం ఉంటుంది. అదే పనిని "ఇలా చేయాలా, వద్దా" అని ఆలోచించి చేసిన మనిషి వైపు నుంచి చూస్తే వేరే రకం మొదలు కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ గేట్లు 175. అందులో ఒక గేటు ఎందుకు లేచిందంటే మోటారు, ఇనుప తాడు, విద్యుత్తు అని ఒక జవాబు. ఎందుకు ఎత్తారంటే ఎగువ నుంచి వరద వస్తోంది, దిగువకు వదలాలి అని ఇంకో జవాబు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు నీటిని పైకి తోయవు, కిందికి లాగవు. అయినా 13.75 దాటాక హెచ్చరిక ఇవ్వని మనిషిని తప్పుపడతాం, గట్టు తెంచిన నీటిని తప్పుపట్టం. పనిని జరిపించే కారణం ఒకటి, ఎందుకు చేయాలో చెప్పే హేతువు ఇంకొకటి. మీ నాన్నగారు ఉద్యోగమంతా ఈ రెండింటినీ కలపకుండానే చేసి ఉంటారు.

ఈ తేడాను పట్టుకుని గెలిచేశామనుకోవద్దు. ఒకే పని గురించి రెండు రకాల ప్రశ్నలు వేయవచ్చని మాత్రమే తేలింది. హెచ్చరిక ఇవ్వని ఆ మనిషి అప్పుడు వేరేలా చేయగలిగేవాడా అన్న ప్రశ్న అలాగే ఉంది.

కాబట్టి పేజీలకే వెళ్దాం. నాన్నగారి పేజీలో "ప్రతి పనికీ కారణం ఉంది" నుంచి "ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు"కి ఒక్క గెంతులో వచ్చేశారు. మధ్యలో ఒక వాక్యం రాయలేదు: "కారణం ఉన్న ఏ పనికీ చేసినవాణ్ణి తప్పుపట్టకూడదు." దాన్ని రాయించండి, పక్కన గుర్తు పెట్టమనండి. ఏ గుర్తు పెడతారు? చూసింది కాదు, నిర్వచనం కాదు. ఇక్కడ మన నైయాయికుల (న్యాయదర్శనం వాళ్ల) పనిముట్టు ఒకటి బాగా తెగుతుంది, దాని పేరు ఉపాధి, అంటే చాటున ఉన్న అసలు షరతు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, పొగకు అసలు షరతు నిప్పు కాదు, తడి కట్టె అని చూపిస్తారు. తడి కొబ్బరిడొక్క పొయ్యిలో పెడితే పొగ, ఎర్రగా కాలిన ఇనుములో నిప్పున్నా పొగ లేదు. అలాగే ఇక్కడ: తమ్ముణ్ణి ఎవరో కాలువలోకి తోస్తే, పడి పక్కవాడికి దెబ్బ తగిలించినా వాణ్ణి తప్పుపట్టం. ఎందుకు? ఆ పడటానికి కారణం ఉన్నందుకా, వాడి ఇష్టంతో పని లేకుండా బలవంతంగా జరిగినందుకా? చంటిబిడ్డను తప్పుపట్టకపోవడానికి కారణం తెలియనితనం. నింద తప్పిపోయే చోట్లన్నీ వెతికితే బలవంతమో, తెలియనితనమో కనిపిస్తుంది. కారణం ఉండి, ఇవి రెండూ లేని చోట నింద తప్పుతుందని నాన్నగారు ఇంకా చూపించలేదు. భారం ఇప్పుడు ఆయన మీద పడింది.

మీ పేజీ కూడా అంత గట్టిది కాదు. "మరి తమ్ముణ్ణి ఎందుకు కేకలేశారు?" అన్నది ఆయన మాటకూ చేతకూ పొసగలేదని మాత్రమే చూపిస్తుంది. మనిషికి స్వేచ్ఛ ఉందని చూపించదు. పైగా ఆయనకు జవాబు సిద్ధంగా ఉంది: "ఆ కేకలు కూడా ఒక కారణమే, రేపు వాడు అబద్ధమాడకుండా ఉండటానికి." అది తప్పించుకునే మాట కాదు, మంచి జవాబు. దానికి మీరు వేయాల్సిన ప్రశ్న: వాణ్ణి దిద్దడానికి పనికొస్తుందంటే, చేయని తప్పుకి కూడా కేకలేస్తారా? వేయరు. ఎందుకు వేయరో ఆయన చెప్పే జవాబులో మీ పక్షానికి కావాల్సిన మొదటి వాక్యం దొరుకుతుంది.

మన శాస్త్రాల సంగతి. మీరు అడిగినదానికి అచ్చంగా పేరుంది: సత్ప్రతిపక్షం. న్యాయశాస్త్రపు తొలి పాఠ్యగ్రంథం తర్కసంగ్రహం చదివే పిల్లలు వల్లించే ఉదాహరణ: శబ్దం నిత్యం, వినబడుతుంది గనుక, శబ్దత్వం (శబ్దాలన్నిటికీ ఉమ్మడి లక్షణం) లాగా; శబ్దం అనిత్యం, పుట్టింది గనుక, కుండ లాగా. రెండు హేతువులూ ఎదురుబొదురుగా నిలిస్తే ఏదీ తేలదు, రెండూ ఆగిపోతాయి. గమనించండి, "రెండూ నిజం" అని ఎవరూ అనలేదు. ఆగిపోయాక వ్యాప్తిని, అంటే "ఇదున్న చోటల్లా అది ఉంటుంది" అనే నియమాన్ని, పరీక్షిస్తారు. పుట్టిందల్లా నశిస్తుందనడానికి కుండ, బట్ట, ఇల్లు అని ఎన్నైనా చూపించవచ్చు. వినబడేదల్లా నిత్యం అనడానికి శబ్దత్వం తప్ప ఇంకోటి దొరకదు. తక్కెడ వాలింది.

విధుల విరోధానికి మీమాంసకులు (వేదవాక్యాలకు అర్థం తేల్చేవాళ్లు), వైయాకరణులు (వ్యాకరణ పండితులు) ఇంకా వివరంగా వెళ్లారు. మీ నాన్నగారికి నచ్చే ఉదాహరణ తీసుకుందాం. ఒక నీటి సంఘంలో రెండు కట్టుబాట్లు ఉన్నాయనుకోండి. దాళ్వాలో వంతు శివారు నుంచే మొదలవ్వాలి అన్నది ఒకటి. పొట్ట దశలో ఉన్న చేనుకు ముందు తడి ఇవ్వాలి అన్నది ఇంకోటి. శివారు వంతు నడుస్తుండగా ఎగువ చేను పొట్టకొచ్చింది. తూము ఎవరికి ఎత్తాలి?

మొదట అడగాల్సింది, ఒకటి సామాన్యం, ఒకటి విశేషం కాదు కదా అని. పాణిని వ్యాకరణానికి వ్యాఖ్య అయిన మహాభాష్యంలో పతంజలి పోలిక: బ్రాహ్మణులకు పెరుగు వడ్డించండి, కౌండిన్యుడికి మజ్జిగ. కౌండిన్యుడూ బ్రాహ్మణుడే. అయినా అతనికి పెరుగూ మజ్జిగా రెండూ పోయరు, మజ్జిగే పోస్తారు. పరీక్ష ఇది: ఎప్పుడూ సామాన్య విధే నెగ్గితే విశేష విధికి పనిచేసే చోటు ఎక్కడైనా మిగులుతుందా? మిగలకపోతే అది నిరవకాశం, దాన్ని పెట్టిందే వ్యర్థమవుతుంది, కాబట్టి అదే నెగ్గాలి. మన కట్టుబాట్లలో ఎప్పుడూ వంతే నెగ్గితే పొట్ట దశ నియమం కాగితం మీదే మిగులుతుంది. ఎగువ చేనుకు ఆ ఒక్క తడి ఇచ్చి, మళ్లీ శివారుకు తిప్పాలి. మజ్జిగ ఒక్క కౌండిన్యుడికే అన్నది కూడా గుర్తుండాలి. పొట్ట పేరు చెప్పి పక్క చేలకూ నీళ్లు పెట్టుకుంటే విశేషం సామాన్యాన్ని మింగేసినట్టు. ఆచరణలో ఇది చెడేది ఎక్కువగా ఇక్కడే.

రెండు విధులకూ వేరే చోట పని ఉండి, ఒక చోట మాత్రమే ఢీకొంటే పాణిని సూత్రం "విప్రతిషేధే పరం కార్యమ్". పరం అంటే అష్టాధ్యాయిలో తర్వాత వచ్చిన సూత్రం అని సంప్రదాయం. కాదు, పదంలో కుడివైపు భాగానికి వర్తించే సూత్రం అని 2022లో కేంబ్రిడ్జిలో రిషి రాజ్‌పోపట్ తన పరిశోధనలో వాదించాడు. రెండున్నర వేల ఏళ్ల తర్వాత కూడా విరోధ పరిహార సూత్రం అర్థం మీదే విరోధం నడుస్తోంది!

ఏదో ఒకటి చాలు, ఏదైనా ఫరవాలేదు అనే వికల్పం అన్నిటికన్నా చివర. అతిరాత్ర యాగంలో షోడశి అనే సోమరస పాత్ర తీసుకోవాలి, తీసుకోకూడదు అని రెండు వేదవాక్యాలున్నాయి. వేరే దారి లేక వికల్పం ఒప్పుకున్నారు. అయినా దానికి ఎనిమిది దోషాలు లెక్కపెట్టారు. లెక్క సులువే. మొదటి వాక్యాన్ని ఎంచుకున్న రోజున రెండోదానికి ఉన్న ప్రామాణ్యం (నమ్మదగినదన్న హోదా) వదిలేయాలి, లేని అప్రామాణ్యం తెచ్చిపెట్టాలి. మర్నాడు రెండోది ఎంచుకుంటే, వదిలిన ప్రామాణ్యం మళ్లీ తెచ్చుకోవాలి, పెట్టిన అప్రామాణ్యం తీసేయాలి. ఇవి నాలుగు. రెండు వాక్యాలకూ కలిపి ఎనిమిది. మీరడిగిన "సరిపెట్టుకోవడం" ఎంత ఖరీదో ఇంతకన్నా కచ్చితంగా లెక్కగట్టినవాళ్లు ఎక్కడా లేరు. సూర్యుడు ఉదయించాక హోమం, ఉదయించకముందే హోమం అన్న వికల్పంలో కూడా, ఒకటి ఒప్పుకున్నాక దాన్ని తప్పితేనే దోషమని న్యాయసూత్రం. రోజుకోటి కుదరదు. చిన్నయసూరి "అత్తునకు సంధి బహుళముగా నగు" అన్నప్పుడు కూడా బహుళం అంటే మీ ఇష్టం అని కాదు. నిత్యం, నిషేధం, వికల్పం, అన్యకార్యం అని నాలుగు గదులున్నాయి, ఏ మాట ఏ గదిలోదో చూడాలి.

కోర్టుల్లోనూ ఇదే నడక. మత శాఖకు తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కు రాజ్యాంగం 26వ అధికరణంలో ఉంది. దేవాలయాల్ని హిందువులందరికీ తెరిచే చట్టాలు చేయవచ్చని 25లో ఉంది. 1958లో వెంకటరమణ దేవరు కేసులో సుప్రీంకోర్టు రెండింటిలో దేన్నీ కొట్టేయలేదు. గుడి అందరికీ తెరిచి ఉండాలంది, కొన్ని ప్రత్యేక పూజల వేళ మాత్రం శాఖ వాళ్లకే విడిచింది. రెండు విధులకూ పనిచేసే చోటు మిగిల్చింది.

మీరు అడగలేదు గానీ, ధర్మసంకటాన్ని ఈ లెక్కలో కలపకండి. గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిన. ఆ మాట అన్నది ధర్మరాజు. ప్రతిన నిలబెట్టాలి, అన్నను కాపాడాలి, రెండూ కలిపి కుదరవు. ఇంతవరకూ తర్కంలో వైరుధ్యం లేదు. అది పుట్టాలంటే ఇంకో రెండు వాక్యాలు కావాలి: "ఇది చేయాలి, అది చేయాలి అంటే రెండూ కలిపి చేయాలి", "చేయగలిగిందే చేయాలనాలి". ఈ రెండింట్లో ఒకదాన్ని వదిలితే చిక్కు ఉంటుంది గానీ వైరుధ్యం ఉండదు. 1965లో ఇంగ్లండు తాత్త్వికుడు బెర్నార్డ్ విలియమ్స్ మొదటిదాన్ని వదిలాడు. చేయలేకపోయిన ధర్మం రద్దు కాదు, మనసులో బాకీగా మిగులుతుందన్నాడు. కర్ణపర్వంలో కృష్ణుడు వేరే దారి తొక్కాడు, పెద్దవాణ్ణి అవమానించడమే చంపడమని పదం అర్థం మార్చాడు. తన సత్యవ్రతం కోసం, దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు చెప్పి నరకానికి పోయిన కౌశికుడి కథ అప్పుడే చెప్పాడు. 1797లో కాంట్ అదే సందర్భం తీసుకుని, చంపడానికి వచ్చినవాడికైనా అబద్ధం చెప్పకూడదన్నాడు. ఈ ఒక్క చోట కృష్ణుడి వైపే ఉండటం మంచిది.

ఇక తమ్ముడి మంగలి. గీసుకుంటే గీసుకోకూడదు, గీసుకోకపోతే గీసుకోవాలి. చూడటానికి భయంకరమైన విప్రతిషేధం. కానీ నోటుబుక్కు తీసి మొదటి వాక్యం పక్కన గుర్తు పెట్టమనండి: "అలాంటి మంగలి ఒకడున్నాడు." ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. రుజువు చూపించింది ఒక్కటే, అలాంటి మంగలి ఏ ఊళ్లోనూ ఉండడని. దాంతో మనం నమ్ముకున్న సూత్రం ఏదీ పోలేదు.

దీని అన్న ఇంకొకటుంది, అది గట్టిది. గ్రంథాలయంలో కేటలాగులు ఉంటాయి. కొన్ని తమ పేరు తమలో రాసుకుంటాయి, కొన్ని రాసుకోవు. తమ పేరు రాసుకోని కేటలాగులన్నిటికీ ఒక కేటలాగు తయారుచేస్తే, దాని పేరు అందులో ఉండాలా వద్దా? కేటలాగు అయితే తయారుచేయలేమని మంగలిలాగే వదిలేయొచ్చు. కానీ గణితంలోని సమితుల (సెట్ల) విషయంలో "ఏ లక్షణం చెప్పినా ఆ లక్షణం ఉన్నవాటన్నిటికీ ఒక సమితి ఉంటుంది" అన్నది అప్పట్లో చాలామంది నమ్మిన సూత్రం. తమలో తాము లేని సమితుల సమితి అనగానే ఆ సూత్రమే పగిలింది. 1902 జూన్ 16న ఇంగ్లండు తాత్త్వికుడు రస్సెల్ ఈ సంగతి జర్మన్ తర్కవేత్త ఫ్రేగెకు ఉత్తరంలో రాసేటప్పటికి, అంకగణితానికి తర్కంతో పునాది వేసే ఫ్రేగె పుస్తకం రెండో భాగం అచ్చులో ఉంది. ఫ్రేగె చివర ఒక అనుబంధం చేర్చి ఆ దెబ్బను ఒప్పుకున్నాడు. 1908లో గణితవేత్త జెర్మెలో ఆ సూత్రాన్ని కుదించాడు: ముందే ఉన్న ఒక సమితిలోంచి ఏరుకోవచ్చు గానీ, శూన్యంలోంచి లక్షణం చెప్పి సమితి పుట్టించకూడదు. తమ్ముడికి తొమ్మిదో తరగతి లెక్కలు వచ్చుంటే ఆ రెండు వాక్యాల తేడా అరగంటలో చెప్పవచ్చు. ముందు మంగలి గురించి వాడి చేతే ఒక పేజీ రాయించండి.